రెండున్నర అడుగులు

కొంగబొమ్మకి ముక్కు చెక్కగా మిగిలిన
దున్నకొమ్ము పెచ్చు అది.
ఝిల్లీ వాళ్ల నాన్న దాన్ని ఆకురాయితో రుద్ది
మూడు మూలలు తేల్చి
"ప్లాస్టిక్కుతో మీటకు, తీగకి అవమానం" అన్నాడు ఒడియాలో.
వంటింట్లోంచి వాళ్లమ్మ తెలుగులో అందుకుంది:
"సంబడమే! దీపాలయేళకి ఈ గుంట చేతిలో గిటారొకటి!"
ఆ ఇంట్లో లెక్కలొక భాషవి, కోపాలొక భాషవి.
పాట ఏ భాషదో తేలక
చాన్నాళ్లు తను నోరు మూసుకునే పాడింది.

నేను డ్రమ్స్. అంటే, మొదట్లో
మా మావయ్య టెంట్‌హౌస్ వెనక
బోర్లించిన పెళ్లి గుండిగలు.
బేస్ వాయించే సొమనాథ్ సబర
గుణుపురం నుంచి రైల్లో వచ్చేవాడు,
రైలు రాని రోజు రానివాడు.
పేరు పెట్టింది వాడే.
పీకి పడేసిన పాత చిన్నరైలు పట్టాలని
ముందు ఇంత ఎడంగా ఉండేవని చేతులు చాపి చూపించి,
"రెండున్నర అడుగులు.
ఇంత సన్నదారి మీదే మా తాత చింతపండు తెచ్చి అమ్మాడు.
మనకి చాలదేటి?"

కాలేజీ వార్షికోత్సవంలో
సినిమా పాట కావాలని కుర్చీలు కొట్టారు.
ఝిల్లీ ఆగింది. తెగిన తీగ మార్చింది.
అదే పాట మళ్లీ మొదట్నించీ.
మళ్లీ కుర్చీలు. మళ్లీ మొదట్నించీ.
మూడోసారికి కరెంటు పోయింది,
చీకట్లో ఎవడో ఈల వేశాడు.
పాటకో, కరెంటుకో,
ఇప్పటికీ మాకు తెగని వాదన.

బరంపురంలో ఒక పుట్టినరోజు.
విశాఖలో కాఫీకొట్టు వాడు
ముగ్గురికి రెండు బిర్యానీలిచ్చి లెక్క సరి అన్నాడు.
బెంగుళూరులో చల్లటి గదిలో ఒకాయన
మా పాట సగం విని, బల్ల మీద వేళ్లాడిస్తూ
"మీది తెలుగు బ్యాండా, ఒడియా బ్యాండా?
ఏ అరలో పెట్టుకోను మిమ్మల్ని?"
"పర్లాకిమిడి" అంది ఝిల్లీ.
"అది ఏ రాష్ట్రం?"
"ముప్ఫయ్యారు నుంచీ అడుగుతూనే ఉన్నారండీ" అని
గిటారు పెట్టెకి గొళ్లెం వేసేసింది.
నాకు మాత్రం ఆ బల్ల, ఆ గది నచ్చాయి.
ఈ మాట ఆమెకి చెప్పలేదు.

తర్వాత నాలుగేళ్లు ఆమె ఒక్కతే తిరిగింది.
పూణే, కొచ్చి, ఇంకేవో ఊళ్లు.
పోస్టర్ మీద పేరు ప్రతిచోటా ఒక్కోలా తప్పు.
గొంతులో కాయ అన్నారు. ఆరు వారాలు మాటాడొద్దన్నారు.
ఇంటికొచ్చి నాన్న పక్కన కూచుని
కొంగలకి నూనె పూసి మెరుగు పెట్టింది.
కొమ్ము రాపిడికి లేచే ఆ కాలిన వెంట్రుకల వాసన,
ఇద్దరి మధ్యా ఆకురాయి కీచు.
వాళ్లమ్మ మాత్రం ఇద్దరికీ సరిపడా మాట్లాడింది.

గొంతు వచ్చింది కానీ
మేడ దిగి నేల మీద కూచున్నట్టు వచ్చింది.
పాత పాటలు అందవు.
తీగలు మూడు మెట్లు వదులు చేసింది.
సొమనాథ్‌కి రాయగడ కాయితం మిల్లులో షిఫ్టులు.
విడిపోయామని ఎవరూ అనలేదు,
రైలు రాని రోజులు ఎక్కువయ్యాయంతే.

నిన్న రాత్రి గోదాంలోకి వచ్చింది.
మడత కుర్చీల గుట్ట మీద ఫోన్ నిలబెట్టి
రికార్డు నొక్కింది.
కొమ్ముపెచ్చు అరిగి అరిగి
ఒక్క మూలే మిగిలింది, గోరంత.
సగం మాటలు ఒడియా, సగం మనవి,
ఒక చరణానికి మాటలే లేవు.
రెండో వరస దగ్గర ఆగి, నావైపు చూడకుండానే,
"గుండిగ నడిమిన కాదురా, అంచు మీద కొట్టు."
కొట్టాను.
తెల్లారితే కాశీనగర్ పెళ్లికి
అందులోనే దాల్మా ఉడకాలి.